తుపాను కాలానికి ముందు లంక గ్రామాల బడులు, ఇళ్లు: ప్రణాళికలో ఏం రాసుకోవాలి?

గౌతమిగట్టు టీచర్

సభ్యులందరికీ నమస్కారం. గోదావరి గౌతమి పాయ మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో ప్రాథమికోన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. అక్టోబరు వచ్చేలోగా పాఠశాల యాజమాన్య కమిటీతో కూర్చుని తుపాను ప్రణాళిక ఒకటి రాసుకుని, దానిని తల్లిదండ్రులందరికీ చదివి వినిపించాలని అనుకుంటున్నాము. మా చేతిలో ఉన్న నమూనాలో మంటలార్పే పరికరాల గురించి వివరంగా ఉంది కానీ, పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి వచ్చే పిల్లల గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

మా ఊరికి పంటు తప్ప మరో దారి లేదు. ఊళ్లో డాబాలు కొన్ని, పెంకుటిళ్లు కొన్ని ఉన్నాయి. ఏటి వైపు పేటలో మాత్రం తాటాకిళ్లు, రేకుల ఇళ్లే ఎక్కువ. తుపాను వస్తే ఆ పేటవాసులందరూ మా బడిలోకే వస్తారు. కాబట్టి నేను అడగదలచినవి రెండు. హెచ్చరికలో ఏ మాట వినగానే ఏ పని మొదలుపెట్టాలి? ఎవరు ఊళ్లోనే ఉండవచ్చు, ఎవరు తప్పనిసరిగా అవతలి గట్టుకు వెళ్లాలి?

వాయుగుండం

టీచర్ గారూ, నేను వాతావరణ విభాగంలో పనిచేసి విరమించాను. మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

సముద్రపు పైపొరలో నీరు 26, 27 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కినప్పుడు ఆవిరి పైకి లేచి మేఘంగా మారుతూ వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడికి కింద పీడనం మరింత తగ్గి, చుట్టుపక్కల గాలి లోపలికి పరుగెత్తుతుంది. భూమి తిరుగుతున్నందువల్ల ఆ గాలి నేరుగా కేంద్రానికి చేరకుండా, మన అర్ధగోళంలో గడియారపు ముళ్లకు ఎదురు దిశలో చుట్టూ తిరుగుతుంది. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండమనీ, 51 దాటితే తీవ్ర వాయుగుండమనీ, 62 దాటితే తుపాననీ, 89 నుంచి తీవ్ర తుపాననీ, 118 నుంచి అతి తీవ్ర తుపాననీ అంటారు. ఇంకా పై మెట్లు కూడా ఉన్నాయి. వేగం రెట్టింపైతే గోడ మీద, కప్పు మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుందని గుర్తుంచుకుంటే, ఈ మెట్ల మధ్య తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

అయితే డెల్టాలో ప్రాణాలను ఎక్కువగా తీసినది గాలి కాదు, ఉప్పెన. లోతు తక్కువగా ఉన్న తీరం మీదికి గాలి గంటల తరబడి సముద్రాన్ని నెట్టడం వల్ల నీరు గోడలా లేచి లోపలికి వస్తుంది. తుపాను అపసవ్యంగా తిరుగుతూ పడమరకు కదులుతున్నప్పుడు, అది తీరం దాటే చోటుకు ఉత్తరాన గాలి సముద్రం నుంచి నేల మీదికి, దక్షిణాన నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటితే, దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమను సుమారు 5 మీటర్ల ఉప్పెన ముంచివేసి, దాదాపు 10,000 మందిని బలి తీసుకున్నది ఈ కారణంగానే. అందువల్ల “మన దగ్గర కాదు, నరసాపురం దగ్గర దాటుతుందట” అనే వార్త విని కోనసీమవాసులు ఊపిరి పీల్చుకోకూడదు. మనకు దక్షిణాన కొద్ది దూరంలో దాటే తుపాను మనల్ని తన కుడి పక్కకు తెచ్చుకుంటుంది.

హెచ్చరికలు నాలుగు దశల్లో వస్తాయి. సుమారు 72 గంటల ముందు తొలి సూచన, వాతావరణం చెడిపోవడానికి కనీసం 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, సుమారు 12 గంటల ముందు తీరం దాటాక లోపలి ప్రాంతాల్లో ఏమి జరుగుతుందనే అంచనా వెలువడతాయి. మీ ప్రణాళికలోని పనులను ఈ దశలకు ముడివేయండి.

రేవు సరంగు

వాయుగుండం గారు చెప్పిన కుడి ఎడమల విషయానికి ఒక మాట చేరుస్తాను. కాకినాడ రేవులో ఎగరవేసే ప్రమాద సూచికల నంబర్లను ఊళ్లలో అందరూ గాలి తీవ్రతకు కొలతగా తీసుకుంటున్నారు. “నిన్న 8, ఇవాళ 9, తీవ్రత పెరిగింది” అని టీవీలో కూడా వింటూ ఉంటాము. అది సరికాదు. తుపాను రేవును తన ఎడమ పక్కన ఉంచి తీరం దాటబోతే 5, కుడి పక్కన ఉంచి దాటబోతే 6, రేవు మీదుగా గానీ అతి దగ్గరగా గానీ దాటబోతే 7 వేస్తారు. తుపాను తీవ్రమైనదైతే అదే వరుసలో 8, 9, 10 వేస్తారు. 11వ నంబరు తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెబుతుంది. కాకినాడలో 9 వేశారంటే తుపాను కాకినాడకు దక్షిణాన, అంటే కోనసీమ వైపు గానీ ఇంకా కిందికి గానీ దాటబోతున్నదని అర్థం. 8కీ 9కీ మధ్య తేడా తీవ్రతలో లేదు, పక్కలో ఉంది.

ఈ నంబర్లు ఓడల కోసం ఏర్పడినవి. బడికి సెలవు ఇవ్వడానికి గానీ, ఇల్లు ఖాళీ చేయడానికి గానీ వీటిని కొలబద్దగా పెట్టుకోకండి.

పాలకొల్లు నుంచి హాంకాంగ్

మాది పాలకొల్లు. ఉద్యోగరీత్యా హాంకాంగ్‌లో ఉంటున్నాను. ఇక్కడ టైఫూన్ అని పిలిచేది కూడా ఈ తుపానే, పుట్టిన సముద్రం మాత్రమే వేరు. ఒక్కొక్కసారి అక్కడిది ఇక్కడికీ వస్తుంది. 1989లో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన గే అనే టైఫూన్ ఆ దేశపు సన్నని మెడభాగాన్ని దాటి బంగాళాఖాతంలోకి ప్రవేశించి, నవంబరులో నెల్లూరు జిల్లా కావలి దగ్గర మన తీరాన్ని తాకింది.

సరంగు గారు సూచికల గురించి చెప్పారు కాబట్టి ఇక్కడి పద్ధతిని కూడా చెబుతాను. ఇక్కడ 3వ నంబరు వేస్తే శిశు తరగతుల బడులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులు మూతపడతాయి. 8 వేస్తే అన్ని బడులూ మూతపడతాయి. 8 వేయబోతున్నామని రెండు గంటల ముందే ప్రకటిస్తారు, అందరూ ఇళ్లకు చేరడానికి అది గడువు. ఏ నంబరుకు ఏ బడి మూయాలో ఏ తల్లీ ఎవరికీ ఫోన్ చేసి అడగదు. ఫిలిప్పీన్స్‌లో కూడా 2012 నుంచి గాలి సూచిక నంబరును బట్టి ఏ తరగతుల వరకు సెలవో ముందే నిర్ణయమై ఉంటుంది.

అదే ఫిలిప్పీన్స్ అనుభవం టీచర్ గారి రెండవ ప్రశ్నకు కూడా పనికొస్తుంది. 2013 నవంబరు 8న హైయాన్ టైఫూన్ వచ్చినప్పుడు టాక్లోబాన్ నగరంలో ఆశ్రయాలుగా ఎంచుకున్న భవనాలు కొన్ని తామే ఉప్పెనలో మునిగాయి. గాలిని తట్టుకోగల గట్టి భవనాలను చూసుకున్నారు కానీ, అవి ఎంత ఎత్తు నేల మీద ఉన్నాయో చూడలేదు. ఆ దేశంలో 6,000 మందికి పైగా మరణించారు.

దింపు రైతు

నాది ఉప్పలగుప్తం వైపు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకు దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరాన తీరం దాటింది. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి మత్స్యకార గ్రామాలు అత్యంత దారుణంగా దెబ్బతిన్నాయి, కోనసీమలో లక్షలాది కొబ్బరి చెట్లు నేలకొరిగాయి, చనిపోయినవారు, జాడ తెలియనివారు కలిసి వెయ్యి దాటారు. ఆ మర్నాడు మా ఊరి పుంతల్లో అడుగు పెట్టడానికి చోటు లేదు. చెట్లు అడ్డంగా పడి ఉండడం వల్ల సాయం చేయడానికి బయలుదేరినవారు కూడా చాలాసేపు ముందుకు రాలేకపోయారు. అందుకని ప్రణాళికలో రంపాలు, గొడ్డళ్లు, మోకులు ఎవరి దగ్గర ఉన్నాయో పేర్లతో సహా రాసుకోమని నా మనవి.

ఇంకొక మాట. తుపాను సూచన రాగానే ఇంటి మీదికి ఒరిగిన చెట్లకు, బడి ఆవరణలోని చెట్లకు దింపు తీయించి, అంటే కాయలు దింపించి, ఎండిన మట్టలు, గెలలు కొట్టించాలి. గంటకు 100 కిలోమీటర్ల గాలిలో కొబ్బరికాయ తలకు తగిలితే మనిషి బతకడు. దింపు కార్మికులు ఆ సమయంలో ఎవరికీ దొరకరు కాబట్టి, బడి చెట్లకు ముందే మాట తీసుకోండి. పశువుల సంగతి కూడా రాయండి. పలుపు విప్పితే ఆవు తనకు తాను మెరక వెతుక్కుంటుంది, కట్టి ఉంచితే కట్టుగొయ్య దగ్గరే మునిగిపోతుంది.

కప్పు మేస్త్రి

నేను సివిల్ ఇంజినీరును, ఇళ్ల కప్పులు నా పని. రేకుల కప్పును గాలి కిందికి తొక్కదు, పైకి లేపుతుంది. చూరు అంచులలోను, మూలలలోను ఆ లాగుడు అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. కాబట్టి హుక్కులు మధ్యలో ఎంత దూరంలో ఉన్నా, అంచుల్లో మాత్రం దగ్గర దగ్గరగా ఉండాలి. తుప్పు పట్టిన హుక్కులను సెప్టెంబరులోనే మార్చండి. తాటాకింటికి పాత చేపల వలను కప్పి, మోకులతో నాలుగు పక్కలా గుంజలకు బిగిస్తే మామూలు తుపానులో కప్పు నిలబడే అవకాశం ఉంది. కానీ అది ఇంటిని కాపాడుకునే ప్రయత్నం మాత్రమే. ఆ ఇంట్లో మనుషులు ఉండకూడదు.

బడి విషయానికొస్తే, పెద్ద హాలు కంటే చిన్న గదులు మేలు. పొడవైన ప్రహరీ గోడ పక్కన ఎవరినీ కూర్చోబెట్టకండి, నాని ఉన్న గోడ హెచ్చరిక లేకుండా పడుతుంది.

యానాం రోడ్డు

మేస్త్రి గారూ, గాలి వీచే పక్క కిటికీలు మూసి, అవతలి పక్కవి తెరిచి ఉంచితే లోపలి ఒత్తిడి తగ్గి కప్పు నిలుస్తుందని మా నాన్నగారు చెప్పేవారు. ఇది నిజమేనా?

కప్పు మేస్త్రి

అన్నీ మూసి, గడియలు వేసి, అవసరమైతే లోపలి నుంచి అడ్డకర్ర పెట్టడమే సరైన పద్ధతి. తుపాను కేంద్రం దాటుతున్నప్పుడు గాలి దిశ మారిపోతుంది. ఇప్పటివరకు చాటుగా ఉన్న పక్క కాసేపట్లో గాలికి ఎదురు పక్క అవుతుంది. అప్పుడు తెరిచి ఉన్న కిటికీలోంచి గాలి లోపలికి దూరి కప్పును కింద నుంచి కూడా నెడుతుంది. ఆ చీకటిలో ఎవరూ లేచి కిటికీ మూయలేరు.

వాయుగుండం

మేస్త్రి గారి మాటకు కొనసాగింపుగా మరొకటి. తుపాను కన్ను సరిగ్గా మీ ఊరి మీదుగా వెళితే గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడవచ్చు. కాసేపటి తర్వాత వ్యతిరేక దిశ నుంచి అంతే బలంగా గాలి వస్తుంది. బయటికి వెళ్లి ఇల్లు చూసుకుని వద్దామనుకునేవారు ఆ విరామంలోనే చిక్కుకుంటారు. ఆశ్రయం తలుపు తెరవడానికి అధికారిక సమాచారం రావాలని ప్రణాళికలో రాయండి.

సీమచింత

ఒక భిన్నాభిప్రాయాన్ని మన్నించాలి. ఈ మధ్య వచ్చిన తుపానుల్లో చాలావాటికి జిల్లా మొత్తానికి ముందే సెలవులు ఇస్తున్నారు, తీరప్రాంతాల వారిని ముందుగానే తరలిస్తున్నారు. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటేసరికి బలహీనపడింది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపంలో దాటిన మొంథా సమయంలో కూడా తరలింపు సక్రమంగానే జరిగింది. ఇన్ని ఏర్పాట్లు ఉండగా, ఒక్కొక్క బడి ప్రత్యేకంగా ప్రణాళిక రాసుకోవలసిన అవసరం ఏమిటి? పైగా ప్రతిసారీ ఊరంతా కదిలి, చివరికి ఏమీ కాకపోతే, తర్వాతిసారి ఎవరూ కదలరు.

గౌతమిగట్టు టీచర్

మీ చివరి మాట నిజమైన భయమే, మా పేటలో అది వింటూనే ఉన్నాను. అయితే సెలవు ప్రకటించడంతో బడి పని ముగియదు, అక్కడే మొదలవుతుంది. సెలవు వార్త మధ్యాహ్నం తరగతులు జరుగుతుండగా వస్తే, అవతలి గట్టు పిల్లలను ఎవరు దాటిస్తారు? తల్లిదండ్రులు రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్లి ఉంటే చిన్న పిల్లలను ఎవరి చేతికి అప్పగించాలి? భవనం ఆశ్రయంగా మారే సమయానికి తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయి? వీటికి జిల్లా కేంద్రం జవాబు చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. చెప్పవలసింది మేమే.

రేవు సరంగు

టీచర్ గారి మాటలోనే మీ ఊరి అసలు గడువు ఉంది. పంటు నడిపేవారు తుపాను తీరం దాటే గంట వరకు ఆగరు. గాలి 50 కిలోమీటర్లకు చేరేలోపే, అలలు లేవడం మొదలవగానే పంటును గట్టుకు కట్టేస్తారు, కట్టేయాలి కూడా. కాబట్టి తుపాను రాత్రి దాటుతుందంటే మీకు రాత్రి వరకు సమయం ఉన్నట్టు కాదు, ఉదయంతోనే ముగిసిపోవచ్చు. “చివరి పంటు ఎప్పుడు?” అన్న ప్రశ్నకు జవాబును పంటు యజమాని, సచివాలయం, బడి ముగ్గురూ కలిసి ముందుగానే ఖాయం చేసి, టముకు వేయించండి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో కాకినాడ వద్ద పోటుకూ ఆటుకూ తేడా మీటరు దాటుతుంది, ఉప్పెన పోటుతో కలిస్తే నీరు ఆ మేరకు ఇంకా పైకి వస్తుంది. తిథిని కూడా చూసుకోవాలి.

ఆశా చెల్లెలు

టీచర్ అక్కా, నేను ఆశా కార్యకర్తను. ఎవరు ముందు దాటాలన్న దానికి నా దగ్గర ఉన్న రిజిస్టరే ఆధారం. నెలలు నిండుతున్న గర్భిణులు, బాలింతలు, డయాలసిస్ చేయించుకునేవారు, మంచం పట్టిన పెద్దలు మొదటి పంటులో వెళ్లాలి. వారు ఆశ్రయానికి కాదు, ఆసుపత్రి ఉన్న ఊరికే చేరాలి. బీపీ, షుగర్, మూర్ఛ మందులు వాడేవారు కనీసం వారానికి సరిపడా మందులు పాలిథిన్ కవరులో కట్టి పెట్టుకోవాలి. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు కూడా అదే మూటలో ఉంచాలి.

నీటి గురించి చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. ఉప్పెన నీరు బావిలోకి, చేతి పంపులోకి చేరితే కాచినా, క్లోరిన్ బిళ్ల వేసినా క్రిములు చస్తాయి కానీ ఉప్పు పోదు. కాబట్టి మంచినీటిని ముందే బిందెలు, మూతలున్న డ్రమ్ములు నిండా పట్టుకోవాలి. బడి పైట్యాంకును కూడా కరెంటు ఉండగానే నింపి ఉంచండి. తుపాను తర్వాత పాములు మెరక కోసం ఇళ్లలోకి వస్తాయి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. ఆ కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆశ్రయంలో ఆడవాళ్లకు వేరే గది, లోపలి నుంచి గడియ పడే మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్లలున్న ఇళ్లవారు రామంటారు. గాలికి భయపడక కాదు, ఆ ఇబ్బందికి భయపడి.

దింపు రైతు

చెల్లెమ్మ చెప్పిన ఈ చివరి మాటను ప్రణాళికలో మొదటి పేజీలో రాయాలి.

నా వంతుగా మురుగు కాల్వల సంగతి చెబుతాను. మన ప్రాంతంలో తుపాను వెళ్లిపోయాక కూడా నీళ్లు రోజుల తరబడి నిలబడడానికి కారణం డ్రెయిన్లలో పేరుకున్న గుర్రపుడెక్క, అవి సముద్రంలో కలిసే చోట పూడిపోయిన మొగలు. సార్వా (ఖరీఫ్) వరి పనలు చేలో ఉండగా వచ్చే తుపానులో ధాన్యం మొలకెత్తిపోతుంది. బరకాలు ఉన్నవారు పనలను కుప్ప వేసి కప్పుకుంటారు, లేనివారు దేవుడి మీద భారం వేస్తారు. బడి చుట్టూ ఉన్న బోదెలను శుభ్రం చేయడం ఊరివాళ్లం ఒక ఆదివారం చేయగలిగిన పని. పెద్ద డ్రెయిను సంగతికి మాత్రం గ్రామసభలో తీర్మానం చేసి పంపాలి.

గౌతమిగట్టు టీచర్

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటల ఆధారంగా ముసాయిదా రాశాను, తప్పులుంటే సరిదిద్దండి.

తొలి సూచన రాగానే బడి చెట్లకు దింపు, పైట్యాంకు నింపడం, రికార్డులను, మధ్యాహ్న భోజనం బియ్యాన్ని మేడ మీది గదికి చేర్చడం. అప్రమత్తత దశ రాగానే అవతలి గట్టు పిల్లలకు బడి ఆపడం. జిల్లా సెలవు కోసం వేచి చూడకుండా వారికి హాజరు మినహాయింపు ఇవ్వడానికి మండల విద్యాశాఖాధికారి అనుమతిని ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకుంటాము. అదే రోజు ఆశా రిజిస్టరు ప్రకారం మొదటి పంటు బయలుదేరుతుంది. హెచ్చరిక దశకు వచ్చేసరికి ఏటి వైపు పేట మొత్తం ఖాళీ కావాలి. అయిదో తరగతి లోపు పిల్లలను రిజిస్టరులో సంతకం చేసిన పెద్దలకే అప్పగిస్తాము. ప్రతి పిల్లకూ ఇద్దరు పెద్దల పేర్లు ముందే రాయించుకుంటాము.

మిగిలిన చిక్కు మా భవనమే. గాలికి నిలుస్తుందని నమ్మకం ఉంది, నీటికి నిలుస్తుందో లేదో తెలియాలి.

కప్పు మేస్త్రి

దానికి ఊహ అక్కరలేదు, టీచర్ గారూ. మీ ఊళ్లో 1996 నీరు ఎక్కడి దాకా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి, గుడి గోడ మీద గానీ పాత ఇంటి అరుగు మీద గానీ గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి బడి దాకా నీళ్ల ట్యూబుతో మట్టం పట్టండి, ఏ తాపీ మేస్త్రి అయినా చేయగలడు. గుర్తు మీ గచ్చు కంటే పైన ఉంటే కింది గదులను ఆశ్రయంగా వాడకూడదు, మేడ గదులు, వరండాలే వాడాలి. అక్కడ ఎంతమంది పడతారో లెక్క వేసి, పట్టనివారిని అవతలి గట్టు మీది తుపాను షెల్టరుకు కేటాయించండి. పైగా 1996 నాటి మట్టమే గరిష్ఠమని అనుకోకండి. ఇక్కడికి దగ్గర్లోని కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి అంతకంటే ఎంతో పెద్ద ఉప్పెనలు తుడిచిపెట్టాయి.

సీమచింత

టీచర్ గారూ, నా సందేహానికి జవాబు దొరికింది. నా వైపు నుంచి ఒక సూచన చేస్తాను. తరలి వెళ్లి ఏమీ కాకుండా తిరిగివచ్చిన ప్రతిసారీ, ఆ తుపాను ఎక్కడ దాటింది, మన ఊరు దానికి ఏ పక్కన ఉంది అనేది మర్నాడు ప్రార్థన సమయంలో పటం మీద పిల్లలకు చూపించండి. 50, 60 కిలోమీటర్లు ఇటు జరిగి ఉంటే ఏమయ్యేదో పిల్లలే ఇంట్లో చెబుతారు.

గౌతమిగట్టు టీచర్

పటం తప్పకుండా పెడతాను. మట్టం పట్టే పనికి ఈ ఆదివారం తాపీ మేస్త్రిని, మా ఊళ్లో 1996ను చూసిన ఇద్దరు పెద్దలను పిలిచాను. తాళంచెవులు మూడు జతలు చేయించి ఒకటి వీఆర్వో గారికి, ఒకటి బడి పక్కింటివారికి, ఒకటి వంట చేసే అమ్మకు ఇవ్వాలని కమిటీ నిర్ణయించింది. ముగ్గురూ ఈ గట్టు మీదే ఉంటారు. నేను అవతలి గట్టు నుంచి వస్తాను కాబట్టి నా దగ్గర ఉంచుకోవడం లేదు.